గురువు లేని చిత్రాభ్యాసం

వేలూరు, గుడియాత్తం ప్రాంతపు తెలుగువారి ఇండ్లలో నడవ గోడకు సాధారణంగా మూడు విధాల పటాలు కనిపిస్తాయి. దేవతల అచ్చు పటాలు మొదటివి. గతించిన పెద్దల ఛాయాచిత్రాలు రెండవవి. ఆ ఇంటి పిల్లవాడో పిల్లయో స్వయంగా వేసిన బొమ్మ మూడవది. ఈ మూడవదానిని గురించి నాలుగు మాటలు వ్రాయదలచినాము. చుట్టాలు వచ్చినప్పుడు, “మావాడే వేసినాడు, ఎవరూ నేర్పలేదు” అని తల్లిదండ్రులు చెప్పే మాటలో గర్వం ఉన్నది, ఉండవలసినదే. ఐతే ఎవరూ నేర్పనిచోట వాడు నేర్చినది ఏమిటి అనే ప్రశ్న కూడ వేసికొనవలసి ఉన్నది.

మా కంటబడిన బొమ్మలలో పనితనానికి కొదువ లేదు. వెండ్రుక వెండ్రుకగా తీర్చిన పెన్సిలు పని, కనుపాపలోని మెరుపు, చీర అంచున జరీ తళుకు, ఇవన్నీ ఓపికకు సాక్ష్యాలు. కాని వానిలో చాలభాగం సినిమా తారలవో నాయకులవో ఛాయాచిత్రాలను ఎదుట పెట్టుకొని గీసినవి. పూర్వం క్యాలెండరు ఉండిన చోట నేడు చేతిఫోను ఉన్నది, అంతే భేదం. బడిలో చూచివ్రాత వలన దస్తూరి కుదురుతుంది కాని, సొంతంగా ఒక వాక్యం కూర్చడం అలవడదు. చిత్రకళలోను ఇంతే.

ఈ దోషం మాది కూడ. చిన్నతనంలో మా తాతగారి చిన్న ఫోటోపై గళ్ళు గీసి, పెద్ద కాగితంపై అవే గళ్ళు పెద్దవి చేసి, ఒక్కొక్క గడిని నింపి, రూపచిత్రం పూర్తిచేసినాము. చూచినవారందరు మెచ్చుకొన్నారు. మా అవ్వ మాత్రం కొంతసేపు పరికించి, “ఇది మీ తాత గాదురా, మీ తాత ఫోటో” అన్నది. ఆనాడు మాకు కోపం వచ్చినది. ఆ మాటలోని విమర్శ ఎంత సూక్ష్మమో చాల ఏండ్లకు గాని తెలియలేదు. ఆ తాతతో ఆమె కాపురం చేసినది. మాకు తెలిసినది అరచేతి వెడల్పు కాగితం. అంతకంటె విచారకరమైన సంగతి వేరొకటి కలదు. ప్రతి సాయంకాలం వీథి అరుగుపై గంటసేపు కదలక కూర్చుండే ఆ అవ్వ బొమ్మ మేము ఒక్కటైనను వేయలేదు. ఇప్పుడు వేయదలచినను ఆమె లేదు.

గురువు లేకపోవడమే దీనికి కారణమందురా? రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు (1897–1925)కు ఆస్వాల్డ్ కూల్డ్రే వంటి మార్గదర్శి దొరికినాడు. ఆపైన బొంబాయి చిత్రకళాశాల దొరికినది. అటువంటి అదృష్టం అందరికీ పట్టదు. కాని రవివర్మ (1848–1906) మాట చూడండి. తిరువనంతపురంలో ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయకర్ అతనికి తైలవర్ణాల మర్మం చెప్పడానికి నిరాకరించినాడు. 1868లో అక్కడికి వచ్చిన ఐరోపా చిత్రకారుడు థియొడోర్ జెన్సన్, తాను పని చేయునప్పుడు చూడనిచ్చినాడే గాని, పాఠం చెప్పలేదు. మిగిలినది రవివర్మ స్వయంగా చేసి, చెరిపి, మరల చేసి నేర్చినాడు. ఎదుటనున్న మనిషిని తేరిపార చూచే అలవాటు మాత్రం విడువలేదు. “అదిగో నాన్న వస్తున్నాడు” అను అర్థంగల పేరుతో 1893లో వేసిన చిత్రంలో బిడ్డనెత్తుకొన్న తల్లి ఆయన కూతురు మహాప్రభయే. మన తాతల నాటి గోడలపై వ్రేలాడిన రవివర్మ అచ్చు పటాలను చూచి గీసినవారు ఎందరో. ఆయన చూచిన విధంగా తమ ఇంటివారిని చూచినవారు కొందరే.

ఛాయాచిత్రంతో వచ్చే చిక్కు ఏమనగా, చిత్రకారుడు చేయవలసిన కష్టమైన పని అది ముందే చేసి పెడుతుంది. ముక్కు ముందుకు వచ్చినది, చెవి వెనుకకు పోయినది, దవడ క్రింద నీడ పడినది. ఈ లోతును చదును కాగితంపైకి ఎట్లు తేవలెను అనునదే యథార్థచిత్రణకు ప్రాణం. ఫోటోలో అది చదునై ముందే సిద్ధంగా ఉంటుంది గనుక చేతికి పని, కంటికి సెలవు.

ఇక్కడ రెండు ఆక్షేపణలు రావచ్చును. కాళహస్తి కలంకారీ పనివారు పెద్దల గీతలను చూచియే నేర్చినారు గదా అనవచ్చును. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు ఆ కాళహస్తియు ఈ వేలూరును ఒకే ఉత్తరార్కాటు జిల్లాలోనివి; ఆ కళ మనకు పరాయిది కాదు. కాని దాని లక్ష్యం వేరు. సంప్రదాయపు గీతను నిలుపుటకు చూచివ్రాతయే సరియైన మార్గం. ఎదుటనున్న ముఖాన్ని పట్టుటకు అది చాలదు. రవివర్మయు ఫోటోలను వాడినాడు గదా అనునది రెండవది. నిజమే. సజీవమైన ముఖాలను ఎన్నో చూచినవాడు ఫోటోలో లేనిదానిని పూరించుకొనగలడు. చూడనివాడు దాని తప్పులను కూడ నకలు తీస్తాడు.

గురువు లేనివారికి తప్పు చూపే సాధనాలు ఇంటిలోనే కలవు. మేస్త్రీలు గోడ నిలువు చూచే గుండుదారాన్ని ఎదుట పట్టుకొంటే కంటి కొనకు సూటిగా క్రింద నోటిలో ఏ భాగం వచ్చునో తెలుస్తుంది. కన్నులు సగం మూసి చూస్తే చిల్లర వివరాలు మాయమై పెద్ద వెలుగునీడలు మిగులుతాయి. వేసిన బొమ్మను అద్దంలో చూస్తే వంకర బయటపడుతుంది. ఇటలీ చిత్రకారుడు లియొనార్డో సైతం చిత్రకారులకు ఈ సలహా ఇచ్చినాడు. మొదట ఒకే కిటికీ వెలుతురులో ఒక ఇత్తడి చెంబును ఉంచి వారం దినాలు గీయవచ్చును. పిదప గుడియాత్తంలో మగ్గం ఎదుట కూర్చుండవచ్చును. సమదూరంలో సాగే పడుగు దారాలు దూరం పోయినకొద్దీ దగ్గరైనట్లు కనుపించుట అక్కడ కంటికి కట్టినట్లు తెలుస్తుంది. వేలూరు కోటలో జలకంఠేశ్వరాలయపు కల్యాణమండపం ఉండనే ఉన్నది. దాని స్తంభాలపై యాళులు, గుఱ్ఱాలు ఎంతసేపైనను కదలవు. కదిలేది నీడ ఒక్కటే. చెన్నైకి పోయినప్పుడు ఎగ్మూరు మ్యూజియంలోని రవివర్మ మూలచిత్రాలను చూడగలిగితే, అచ్చులో అణగిపోయిన కుంచె జాడలు అక్కడ కనిపిస్తాయి.

ఇంతకు మేము కోరునది పెద్ద పని కాదు. ఇంటిలో బొమ్మలు వేసే పిల్లలుంటే, పెద్దలు వారి ఎదుట రోజుకు అరగంట ఓపికగా కూర్చుండవలెను. బొమ్మ మొదట పోలదు. ముక్కు పొడుగవుతుంది, కన్ను జారుతుంది. నవ్వకండి, “ఇక్కడ చూడు” అని చెప్పండి. తెలుగు సంఘాలవారు జరిపే ప్రదర్శనలలో ఒక గోడనైనను ఎదుట చూచి వేసిన బొమ్మలకే కేటాయించవలెను. అవి ఫోటో చూచి వేసినవానికంటె మోటుగానే ఉంటాయి. ఐనను మగ్గం ముందు వంగిన మేనమామ వీపు, అరుగు మీది అవ్వ చేతివేళ్ళు వానిలో ఉంటాయి. ఆ చేతులు ఉన్నప్పుడే ఆ పని జరుగవలెను.