తెల్లకాగితం మీద గాయం

చిత్రకారుడు, శిల్పి సోమనాథ్ హోర్ ‘గాయాలు’ వరసలోని అచ్చు ముందు నిలబడి, ఇందులో ఏముంది, ఉత్త తెల్లకాగితమేగా అని కదిలిపోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. సిరా లేదు, పోల్చుకోవడానికి ఒక రూపం లేదు. కానీ వెలుతురు పక్క నుంచి వాలుగా పడుతున్నప్పుడు అదే కాగితాన్ని చూడండి. చర్మం చీరితే అంచులు లేచినట్టు కాగితం రెండు వైపులా ఉబ్బి ఉంటుంది, నడుమ సన్నని నీడ. ఇంకోచోట ఏదో పొడిచినట్టు గుంట, దాని చుట్టూ ముడుచుకుపోయిన అంచు. అక్కడ గీత గీసేది నీడే. వెలుతురు జరిగితే గీత కూడా జరుగుతుంది. అందుకే ఇది కాగితంలో పోతపోసిన శిల్పం అంటాను. శిల్పంగా చూడకపోయినా, శిల్పంగా చూపకపోయినా దీన్ని పోగొట్టుకున్నట్టే.

పని తీరు చూస్తే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది. మామూలు ఎచింగులో లోహపు పలకను ఆమ్లం తింటుంది, ఆ గాడిలో సిరా నిలుస్తుంది, ప్రెస్సు కింద నలిగి కాగితం ఆ సిరాను పీల్చుకుంటుంది. ఆ విద్యలో ఆరితేరిన హోర్, 1970ల తొలినాళ్లలో శాంతినికేతన్‌లో, లోహపు పలకనూ సిరానూ పక్కన పెట్టేశారు. మట్టి పలకనో మైనపు పలకనో కత్తితో కోశారు, పొడిచారు, కాలిన ఇనుముతో వాతలు పెట్టారు. దాని మీద సిమెంటు పోసి మూస తీశారు. ఆ మూసలోకి కాగితపు గుజ్జును అదిమి, ఆరాక ఒలిచారు. మట్టిలోని గుంట సిమెంటులో బొడిపె అవుతుంది, గుజ్జులో మళ్లీ గుంటగా తేలుతుంది. కత్తి ఎంత లోతు దిగిందో, ఎక్కడ ఆగిందో అంతా కాగితంలోకి వచ్చేస్తుంది. గుజ్జు పలచబడితే ఒలిచేటప్పుడు చిరుగుతుంది, సరిగా అదమకపోతే సన్నని కోత పూడిపోతుంది. తప్పును కప్పుకోవడానికి రంగైనా లేదు. ఇంత తెగువ, ఇంత నిగ్రహం ఒకే చేతిలో కుదరడం అరుదు. ఆ దశాబ్దంలోనే ఆయన మైనపు రేకులు కోసి, వంచి, అతికి కంచు బొమ్మలు పోయడం మొదలుపెట్టారంటే ఆశ్చర్యమేముంది? ఆ చెయ్యి అప్పటికే కాగితంలో పోత పోసింది.

ఆకలిని గీసినవాడు చివరికి నైరూప్యంలో తలదాచుకున్నాడని ఒక ఆక్షేపణ ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 1921లో చిట్టగాంగ్ ప్రాంతంలో పుట్టిన హోర్, 1943 బెంగాల్ కరువులో ఎముకల గూళ్లైన మనుషుల్ని దగ్గరగా చూసి గీశారు. 1946లో కౌలు రైతులు పంటలో మూడింట రెండు వంతుల కోసం లేచిన తేభాగా ఉద్యమాన్ని ఊళ్లు తిరిగి బొమ్మలతో, డైరీతో నమోదు చేశారు. అలాంటివాడు ముఖం లేని తెలుపులోకి ఎందుకు వచ్చాడు? కరువు బొమ్మ చూసినవాడు జాలిపడతాడు, అది ఆనాటి బెంగాల్ కదా అని తేలికపడతాడు. ముఖం చెరిపేస్తే ఆ వెసులుబాటు ఉండదు. వియత్నాం యుద్ధం, కలకత్తా వీధుల్లో నెత్తురు పారిన నక్సలైట్ రోజులు, అన్నీ ఆ ఒక్క కోతలోకి వచ్చి చేరతాయి. పైగా కరువు బొమ్మలో సిరా గాయాన్ని చెబుతుంది. ఇక్కడ మట్టికి నిజంగానే గాయమైంది, కాగితం ఆ మచ్చను మోస్తోంది. ఇది పారిపోవడమైతే, ఎదురు నిలవడమంటే ఏమిటో నాకు తెలియదు.

ఒకే మూస నుంచి ఒకటికి మించి ప్రతులు వస్తాయి కాబట్టి ఇది అసలు కాదు, నకలే అనేవాళ్లకూ జవాబుంది. ఒకే మూసలోంచి వచ్చిన కంచు విగ్రహాన్ని ఎవరూ నకలు అనరు. ప్రతి కాగితాన్నీ చెయ్యే అదిమింది, చెయ్యే ఒలిచింది. అచ్చులో శిల్పి చెయ్యి పలికించినవారు మరొకరున్నారు, చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన మన కృష్ణారెడ్డి. శాంతినికేతన్‌లోని కళాభవన్‌లో చదివారు, శిల్పిగా తయారయ్యారు. పారిస్‌లోని అతెలియే 17 అనే అచ్చుల స్టూడియోలో ఒకే పలక మీద, జిడ్డులో తేడా ఉన్న సిరాలతో అనేక రంగులు పలికించారు. ఆయన పలకలు కూడా ఉలి పట్టిన చేత్తో లోతుగా చెక్కినవే. రంగులో కృష్ణారెడ్డికి ఎదురులేదు. రంగే లేకుండా గుండె పట్టేయడంలో నా ఓటు మాత్రం హోర్‌కే.

ఒళ్లు మండేది ఎక్కడంటే, గరుకు కాగితం మీద కంప్యూటర్ బొమ్మ దింపి, నీడను కూడా సిరాతో అచ్చేసి, కింద సంతకం పెట్టి ‘లిమిటెడ్ ఎడిషన్’ అని అమ్మేచోట. సిరాతో వేసిన నీడ దీపం ఎటు జరిపినా కదలదు. అది ఉబ్బెత్తు అచ్చు కాదు, దాని ఫొటో. అసలు అచ్చుకు కూడా మనం చేసే మేలేమీ లేదు. అద్దాన్ని కాగితానికి ఆనించి బిగిస్తాం, ఎదురుగా లైటు వేసి నీడను చంపేస్తాం. 1977లో హోర్ పోసిన పెద్ద కంచు ‘తల్లీబిడ్డ’ను కళాభవన్ నుంచి దొంగలు ఎత్తుకుపోయారు. ఈ కాగితాన్ని మాత్రం గోడ మీద ఉండగానే మన దీపాలు మాయం చేస్తున్నాయి. గ్యాలరీలు నడిపేవాళ్లను, ఇళ్లలో అచ్చులు పెట్టుకున్నవాళ్లను అడిగేది ఇంతే. అద్దానికీ కాగితానికీ మధ్య ఎడం ఉంచండి, దీపాన్ని పక్కకు జరపండి. ఆ కోతలోకి నీడ దిగనివ్వండి.