సీసా ఒకటే, చెయ్యి వేరు

మా అమ్మమ్మ ఇంట్లో బుడితి ఇత్తడి గుండిగ ఒకటి ఉండేది. సంక్రాంతి ముందు నరసన్నపేటలో మా వీధికి కళాయి వేసే మనిషి వచ్చాడంటే అటక మీంచి మొదట దిగేది అదే. సారవకోట మండలం బుడితి మాకు దగ్గరే. అక్కడి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయితే ఎంత బుడితి సరుకైనా లోపల కళాయి లేకపోతే చింతపండు పులుసుకు పనికిరాదు, చిలుమెక్కిపోతుంది.

అతను తగరం ముక్క గుండిగకు తాకించే పని రెండు నిమిషాల్లో అయిపోయేది. అంతకు ముందంతా తోముడే. ఇసుక, చింతపండు, పాత గోనెముక్క వేసి, గుండిగలో తనే నిలబడి గోడ పట్టుకుని అటూ ఇటూ తిరిగేవాడు. తర్వాత కొలిమి మీద పెట్టి, తిత్తి ఊది, వేడి చూసుకుని నవాసాగరం చల్లేవాడు. ముక్కు బద్దలయ్యే తెల్లపొగ. ఆ పొగలోనే తగరం గీసి, దూదితో గిర్రున ఒక్క చుట్టు. వేడి చాలకపోతే తగరం ఉండలు కడుతుంది. ఎక్కువైతే మాడి పచ్చబడుతుంది. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుందని నేను కాలేజీలో చదువుకున్నాను. అతను మాత్రం పొగను చూసే చెప్పేసేవాడు. "తగరానిదేటుంది బాబూ, అంతా తోముడులోనే ఉంది" అనేవాడు.

ఆ మాట నాకు చాలా ఏళ్ల తర్వాత పళ్ల డాక్టరు కుర్చీలో గుర్తొచ్చింది. చిగురు దగ్గర అరిగిన పంటికి పంటి రంగు సిమెంటు పెట్టించుకున్నాను. మూడు నెలలు తిరక్కుండానే అది ఊడి నాలుక మీదికొచ్చింది. ఏ చెరుకుగడో కొరికానా అంటే అదీ కాదు, ఇడ్లీ తింటున్నాను. మరో డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఆవిడా అదే కంపెనీ మందు తీశారు. "ఇదే కదండీ అప్పుడూ పెట్టింది?" అన్నాను. "సీసా అదేనండి" అని నవ్వి, నోరు తెరవమన్నారు. ఆ రెండోది ఏడేళ్లుగా కదల్లేదు.

పంటికి మందు అంటించడం కూడా ఒక రకం కళాయే అని నేనంటే అతిశయోక్తి అనుకోకండి. 1955లో అమెరికాలో మైకేల్ బ్యూనకోర్ అనే దంతవైద్య పరిశోధకుడు పంటిపై పొరను 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లంతో 30 సెకన్లు తడిపి చూశాడు. అలా చేసిన చోట ఆక్రిలిక్ గట్టిగా పట్టుకుంది. ఆ ఆలోచన ఆయనకు వచ్చింది లోహాల పని నుంచే. పరిశ్రమల్లో రంగు బాగా పట్టాలని లోహాన్ని ముందుగా ఆ ఆమ్లంతో శుభ్రం చేసేవారు. ఇవాళ క్లినిక్కుల్లో వాడేది 37 శాతం దరిదాపుల్లో ఉండే నీలం జెల్.

పంటి పైపొర ఎనామెల్‌తో పేచీ తక్కువ. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. ఆమ్లం పెట్టి, కడిగి, గాలి ఊదితే సుద్ద పూసినట్టు తెల్లబడుతుంది, పని అయిందని కంటికే తెలుస్తుంది. కష్టమంతా కింద ఉండే డెంటిన్‌తోనే. దానిలో నీళ్లుంటాయి, కొలాజెన్ పోగులుంటాయి. ఆమ్లం ఖనిజాన్ని తీసేశాక ఆ పోగులు వలలా మిగులుతాయి. భావనపాడు తీరంలో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు: నీళ్లలో వల విచ్చుకుని ఉంటుంది, గట్టు మీదికి లాగితే ముద్దయిపోతుంది. డెంటిన్‌ను గాలితో మరీ ఆరబెడితే ఈ వలా ముద్దయి, సిమెంటును పంటికి అంటించే బాండింగ్ మందు ఆ వల కళ్లలోకి దూరదు. నీళ్లు ఎక్కువ మిగిలినా మందు పలచబడి బలం పోతుంది. ఆ మధ్య స్థితి తడి మెరుపుగా మాత్రమే కనిపిస్తుంది, దానికి కొలత గిన్నె లేదు. మందు ఆ వల్లోకి దిగి గట్టిపడితే ఏర్పడే కలగలుపు పొరను జపాన్ శాస్త్రవేత్త నకబయాషి బృందం 1982లో వివరించింది. కళాయిలోనూ అంతే, తగరం ఇత్తడి మీద ఊరికే కూర్చోదు. అందులోని రాగితో కలిసి మధ్యలో సన్నని మిశ్రమ పొర కడుతుంది. ఆ పొర పడకపోతే గోటితో గీరినా లేచిపోతుంది.

ఆ తర్వాతా చిక్కులే. మందును కొన్ని సెకన్లు రుద్దాలి, రాసి వదిలేస్తే చాలదు. ద్రావకం ఎగిరిపోయేదాకా గాలి మెల్లగా ఊదాలి, మందు పొర కదలడం ఆగాలి. అసిటోన్ ఉన్న సీసా మూత తెరిచి పెడితే మన ఎండాకాలంలో అది గదిలోనే ఎగిరిపోతుంది. నీలికాంతి దీపం వంకరగా, దూరంగా పట్టుకుంటే పైన గట్టిపడినా అడుగున పచ్చిగానే ఉంటుంది. వీటన్నిటి మధ్యలో ఒక్క చుక్క లాలాజలం తగిలితే, తోమిన గుండిగను జిడ్డు చేత్తో ముట్టుకున్నట్టే.

తీసేసిన పళ్ల మీద ఒకే మందును అనుభవజ్ఞులకూ విద్యార్థులకూ ఇచ్చి, అతుకు ఎంత బలానికి ఊడుతుందో కొలిచే పరీక్షలు చాలా దేశాల్లో జరిగాయి. ఫలితాలు ఒకే తీరుగా లేవు, నాకు నచ్చింది కూడా అదే. ఆమ్లం పెట్టి కడిగే, మెట్లు ఎక్కువున్న పద్ధతుల్లో చేతికీ చేతికీ తేడా బాగా కనిపించిన సందర్భాలున్నాయి. ఆమ్లం విడిగా అక్కర్లేని తేలిక రకాల్లో ఆ తేడా తగ్గింది. కొన్నిచోట్ల విద్యార్థులు సీనియర్లకు తీసిపోలేదు. కారణం ఊహించడం కష్టం కాదు: కొత్తవాడు కాగితం చదివి సెకన్లు లెక్కపెడతాడు, పాతవాడు "నాకు తెలుసులే" అంటాడు. కాబట్టి అనుభవమంటే ఏళ్లు కాదు, ఆ మందుతో అలవాటు.

అయితే కాగితంలో దొరకనిదీ ఒకటుంది. మా వైపు కచ్చిక, బొగ్గు, ఇటుక పొడితో తోముకున్న తరం ఇంకా ఉంది. వాళ్ల పళ్లు చిగురు దగ్గర అరిగి, లోపలి డెంటిన్ పసుపుగా, గాజులా గట్టిపడి ఉంటుంది. దాన్ని ఆమ్లం అంత తేలిగ్గా తినదు. చెయ్యి తిరిగిన డాక్టరు ఆ మెరుపు చూడగానే ముందు బర్‌తో కాస్త గరుకు చేస్తారు. నా పంటికి ఆవిడ చేసిన మొదటి పని అదే. రెండోది లాలాజలం తగలకుండా పంటి చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే పలచని రబ్బరు తెర బిగించడం. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. నిజంగా సిమెంటు పెట్టింది అందులో ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు గానీ, పెద్దగా లేదు.

అందుకే ఒక్క మనవి. పళ్లకు సిమెంటు పెట్టించుకునేటప్పుడు "ఎంతసేపండీ" అని తొందరపెట్టకండి. ఆమ్లం కడిగినప్పటి నుంచి నీలికాంతి ఆగేదాకా నోరు మూయకండి, ఉమ్మడానికి లేవకండి. జేబులో ఫోన్ మోగితే మోగనివ్వండి.