ఫీలవడం ఎవరి పని?

మెట్రో ఇంకా ఎల్బీనగర్ దాకా రాని 2017లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. గదికి నలుగురం. పోటీపరీక్షల కోచింగ్‌కని నల్లగొండ వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒక రాత్రి ఫోను పెట్టేసి, ఇంట్లో ఏదో తేల్చేశారని మొదలుపెట్టింది. నేను "ఫీలవ్వకు" అన్నాను. చెప్పడం ఆపేసింది. చదువు మాన్పించి పెళ్లి చేస్తున్నారని మూడు వారాల తర్వాత, ఆమె పెట్టె సర్దుకుంటున్నప్పుడు తెలిసింది. సాహిత్యం మీద సిద్ధాంతగ్రంథం రాస్తున్నదాన్ని, నా నోటి మాట ఏం చేస్తోందో నాకే తెలియలేదు.

ఇంగ్లీషులో ఫీల్ పక్కన మామూలుగా ఇంకో మాట ఉండాలి. సంతోషంగానో, దిగులుగానో, చలిగానో. తెలుగులోకి వచ్చేసరికి మిగతావన్నీ రాలిపోయి బాధ ఒక్కటే మిగిలింది. "ఆవిడ ఫీలయింది" అంటే ఎలా ఫీలయిందని ఎవరూ అడగరు. (పాటలో మంచి ఫీల్ ఉంది అనడం వేరే సంగతి.) ఇంగ్లీషు రానివాళ్ల తప్పని నవ్వేవాళ్లున్నారు. నేనొప్పుకోను. "ఏమీ అనుకోకండి" అంటాం కదా. అనుకోవడంలో చెడేముంది? అయినా అక్కడ చెడుగా అనుకోవడమనే అర్థం. ఫీలవ్వకు కూడా ఆ అచ్చులో పోసిందే.

విజయవాడ రోడ్డు బస్సుల్లో వచ్చి ఎల్బీనగర్లో దిగే ఆడపిల్లలు ఎవరి మాట వాళ్లు తెచ్చుకుంటారు. కోస్తా అమ్మాయికి బెంగ, నల్లగొండ అమ్మాయికి రంది. మా గదిలో రెండింటికీ నవ్వేవాళ్లు. ఫీల్‌కి ఊరూ యాసా లేవు, అందుకే నెగ్గింది.

కానీ వ్యాకరణం చూడండి. "నాకు బాధగా ఉంది" అంటే బాధ నా దగ్గరికొచ్చింది. "నేను ఫీలయ్యాను" అంటే ఆ పని నాదే. బాధపెట్టాడు, ఏడిపించాడు, నొప్పించాడు అంటాం. నొచ్చుకున్నామె ఎదురుగా నొప్పించినవాడు నిలబడి ఉంటాడు. హర్ట్ కూడా ఇంగ్లీషు మాటే, అయినా హర్టయ్యాను, హర్ట్ చేశాడు రెండూ ఉన్నాయి. "నన్ను ఫీల్ చేశాడు" అని మాత్రం ఎవరూ అనగా నేను వినలేదు. చెయ్యి చేసుకున్న మొగుడు కూడా "నువ్వు ఎక్కువ ఫీలవుతున్నావు" అనగలడు, అబద్ధమాడకుండానే.

ఆ తర్వాత పి.సత్యవతి 'ఇల్లలకగానే' మళ్లీ చదివాను. ఇల్లు అలికీ అలికీ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ. ఆమె కష్టానికి కారణం ఆమె మనసులో ఎక్కడో లేదు, అలికే చెయ్యి కిందే ఉంది. పాత స్నేహితురాలు పేరు పెట్టి పిలిచేదాకా ఆమె వెతుకులాట ఆగదు. ఆ స్నేహితురాలు "ఫీలవ్వకు" అని సాగనంపి ఉంటే కథ అక్కడే చచ్చిపోయేది. నేను చేసింది సరిగ్గా అదే.

అయితే ఈ మాట మా అమ్మాయిలకి అక్కరకొచ్చిన సందర్భాలూ చూశాను. "నన్ను బాధపెట్టావు నాన్నా" అంటే ఎదురుమాట్లాడినట్టు. "చాలా ఫీలయ్యా నాన్నా" అంటే ఆయన కనీసం ఫోను పెట్టెయ్యడు. నేరం ఎవరి మీదా పెట్టకుండా నొప్పి ఉందని చెప్పుకునే సందు అది. అంత మాత్రం సందు కూడా లేని ఇళ్లు ఎన్నో. కాబట్టి ఆ మాట వద్దనడానికి నాకు నోరు రాదు. ఎవరు ఎవరితో అంటున్నారన్నదే నా పేచీ.

ఆ అమ్మాయి వెళ్లిపోయే రోజు ఆటోలో పెట్టె పెడుతుంటే నాకు ఏడుపాగలేదు. తనే నా భుజం మీద చెయ్యేసి "ఫీల్ గాకక్కా" అంది.