బరువెక్కిన కొంగు

దండెం మీద ఆరేసిన తడి చీర ఒక్కోసారి తనంతట తానే జారిపోతుంది. ఒక వైపు కొంగు కాస్త ఎక్కువగా వేలాడితే చాలు. నీళ్లన్నీ అటే దిగి, కొంగు బరువెక్కి, చీర మొదట అంగుళం, తర్వాత జానెడు, ఆ పైన బారెడు జరిగి నేలకు చేరుతుంది. గాలి వీయకపోయినా, ఎవరూ తోయకపోయినా వేలాడే భాగమే మిగతా చీరనంతా లాక్కుపోతుంది.

భూమి పైపొర కొన్ని పెద్ద ఫలకాలుగా విడిపోయి ఉందనీ, అవి కదులుతున్నాయనీ 1960ల చివరికల్లా శాస్త్రవేత్తల్లో చాలామంది ఒప్పుకున్నారు. వాటిని ఏ బలం కదుపుతోందన్నది మాత్రం తేలలేదు. ఆ చిక్కును విప్పిన తీరులో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకున్నది 1975లో బ్రిటన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ భూభౌతిక పత్రికలో వచ్చిన ఒక పరిశోధనా పత్రం. రాసినవారు అమెరికన్ డొనాల్డ్ ఫోర్సైత్, జపాన్ శాస్త్రవేత్త సేయా ఉయెదా. శీర్షికను తెలుగులో చెప్పుకుంటే ‘ఫలకాలను నడిపే బలాల సాపేక్ష ప్రాముఖ్యత గురించి’. ఆ ‘సాపేక్ష’ అన్న మాటను గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వద్దాం.

ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1912లో ఖండాలు జరుగుతాయని చెప్పినప్పుడు ఆయన వాదం కుంటుపడింది ఈ ప్రశ్న దగ్గరే. ఆయన చూపిన బలాలు ఖండాలను కదపడానికి ఏ మూలకూ చాలవని భూభౌతిక శాస్త్రవేత్త హెరాల్డ్ జెఫ్రీస్ లెక్క కట్టి చూపించాడు. తర్వాత భూగర్భ శాస్త్రవేత్త ఆర్థర్ హోమ్స్, భూమి లోపలి వేడి రాయి ఎసరులా తిరుగుతూ ఖండాలను మోసుకుపోతుందన్నాడు. మా తరం బడిలో నేర్చుకున్న బొమ్మ అదే. కింద మంట, పైకి లేచి పక్కకు మళ్లే నీళ్లు, వాటి మీద కొట్టుకుపోయే నురగ. భూమి లోపలి వేడి బయటికి పోవడమే అన్నిటికీ మూలమన్నంతవరకు ఆ బొమ్మ నిజమే. కానీ అందులో నురగకు సొంత బరువూ లేదు, సొంత పనీ లేదు. ఫోర్సైత్, ఉయెదా ఆ బరువును లెక్కలోకి తెచ్చారు.

అప్పటికి ప్రచారంలో ఉన్న బలాలన్నిటినీ వాళ్లు ఒక వరసలో పెట్టారు. మొత్తం ఎనిమిది. సముద్రం మధ్యలో కొత్త నేల పుట్టే గట్టు సుమారు రెండున్నర కిలోమీటర్ల లోతున ఉంటుంది. చల్లారిన పాత నేల అయిదారు కిలోమీటర్ల లోతుకు దిగిపోతుంది. ఆ వాలు వల్ల పుట్టే తోపుడు ఒకటి. ఒక ఫలకం మరో ఫలకం కిందికి దిగబడే చోట, దిగిన ముక్క తన వెనకున్న దాన్ని లాగడం రెండోది. అదే చోట పై ఫలకాన్ని, దిగబడే చోట ఏర్పడే లోతైన సముద్రపు కందకం వైపు గుంజే చూషణం మూడోది. దిగే ముక్కకు చుట్టూ ఉన్న రాయి ఇచ్చే అడ్డు, ఫలకాలు ఢీకొనే చోట అడ్డు, పక్కపక్కనే ఒరుసుకునే చోట అడ్డు, ఫలకం అడుగున ఉండే వేడి రాతి పొర, అంటే మాంటిల్, రాపిడి, ఖండాల అడుగున అదనంగా ఉండే రాపిడి మిగతావి.

వీటిలో ఏ ఒక్కదాన్నీ నేరుగా తూచలేం. అసలు పనితనం ఇక్కడే కనిపిస్తుంది. ఒక బండిని ఎనిమిది మంది పట్టుకున్నారనుకోండి. కొందరు లాగుతున్నారు, కొందరు తోస్తున్నారు, కొందరు ఆపుతున్నారు. మనకు మనుషులు కనిపించరు, బండి నిలకడగా పోవడం ఒక్కటే కనిపిస్తుంది. ఒక్క బండిని చూసి ఎవరి బలం ఎంతో చెప్పలేం. అదే ఎనిమిది మంది రకరకాల కూర్పుల్లో పన్నెండు బండ్లకు తగులుకుంటే చెప్పే దారి దొరుకుతుంది. ఫలకాలు వేగం పుంజుకోవడం లేదు కాబట్టి, ఒక్కో ఫలకం మీద పనిచేసే బలాల మెలి, అంటే టార్క్, మొత్తం కలిపితే సున్నా కావాలి. గోళం మీద తిరిగే ప్రతి ఫలకానికీ మూడు అక్షాల చొప్పున పన్నెండు ఫలకాలకు 36 సమీకరణాలు. తేల్చాల్సినవి ఎనిమిది బలాలు.

సమీకరణాలన్నిటికీ కుడివైపు సున్నాయే. అలాంటి లెక్కలో ఒక బలం మరో బలానికి ఎన్ని రెట్లో తేలుతుంది గానీ, విడిగా ఏది ఎంతో తేలదు. శీర్షికలోని ‘సాపేక్ష’ అందుకే. తమ లెక్క ఇవ్వగలిగిన దానికి మించి ఒక్క అక్షరం కూడా ఎక్కువ చెప్పకూడదన్న ఆ నిగ్రహం నాకెంతో ఇష్టం.

ఆ పత్రంలో నేను పదే పదే చూసుకునే భాగం మరొకటుంది. ఫలకాలను వేగం వరసలో పేర్చి, ఒక్కో లక్షణాన్నీ పక్కన పెట్టి చూస్తారు. మొదట వైశాల్యం. పసిఫిక్ ఫలకం కోకోస్ ఫలకం కన్నా ముప్పై రెట్లకు పైగా పెద్దది, అయినా రెండూ దాదాపు ఒకే వేగంతో పోతున్నాయి. కాబట్టి వేగానికీ వైశాల్యానికీ పొత్తు లేదు. గట్టు పొడవుతోనూ స్పష్టమైన పొత్తు కనిపించదు. ఫలకం చుట్టుకొలతలో దిగబడుతున్న అంచు వాటాను పక్కన పెట్టగానే బొమ్మ రెండు గుంపులుగా చీలుతుంది. దిగబడే అంచు బాగా ఉన్న పసిఫిక్, కోకోస్, నాజ్కా, ఫిలిప్పీన్, ఇండియా ఫలకాలు ఏడాదికి సుమారు 6 నుంచి 9 సెంటీమీటర్లు పోతుంటే, మిగతావి సుమారు 4 సెంటీమీటర్లకు లోబడే ఉంటాయి. సమీకరణాల జోలికి పోకుండానే సగం జవాబు కంటికి కనిపిస్తుంది.

ఇక దిగబడే ఆ ముక్కను కాస్త దగ్గరగా చూద్దాం. గట్టు దగ్గర వేడిగా పుట్టిన సముద్రపు నేల కోట్ల ఏళ్లు చల్లారుతూ, చిక్కబడుతూ, దాదాపు వంద కిలోమీటర్ల మందానికి చేరుతుంది. కందకం దగ్గర వంగి లోపలికి దిగాక, ఒత్తిడికి దాని పైభాగంలోని నల్లటి బసాల్ట్ రూపం మార్చుకుని, ఎర్రటి గార్నెట్, పచ్చటి పైరాక్సీన్ కలిసిన ఎక్లోగైట్ అవుతుంది. మాంటిల్ సాంద్రత నీటికి సుమారు 3.3 రెట్లయితే ఎక్లోగైట్‌ది సుమారు 3.5 రెట్లు. దిగేకొద్దీ బరువెక్కే కొంగు ఇదే.

సమీకరణాలు ఇచ్చిన జవాబు అంతకన్నా సూక్ష్మమైనది. దిగే ముక్క మీది బలాలు మిగతా అన్నిటికన్నా పది రెట్ల స్థాయిలో పెద్దవి. కానీ ఆ లాగుడునూ, దానికి ఎదురయ్యే అడ్డునూ తూస్తే దాదాపు సరిసమానం. ఆముదంలో వేసిన గోలీ కాసేపటికి ఒకే వేగంతో దిగుతుంది కదా, దాన్ని చరమ వేగం అంటాం. సముద్ర ఫలకాలు అలాంటి చరమ వేగంతో పోతున్నాయన్నది వాళ్ల నిర్ణయం. అడుగున రాపిడి సముద్రాల కింద కన్నా ఖండాల కింద ఎక్కువన్నది రెండో నిర్ణయం.

తర్వాతివాళ్లు ఈ పనిని సరిదిద్దారు, పెంచారు. తెగిపోయి మరీ లోతుకు చేరిన ముక్కలు కూడా మాంటిల్‌ను కదిపి ఫలకాలను గుంజుతాయనీ, నేరుగా లాగే బలం మొత్తంలో సుమారు సగమనీ 2002లో కాన్రాడ్, లిత్‌గో-బెర్టెలోని చూపారు. ఖండాల అడుగు రాపిడి కథకు మన హైదరాబాదు నుంచే ఒక అధ్యాయం చేరింది. ఒకప్పుడు ఇండియా ఏడాదికి 18 నుంచి 20 సెంటీమీటర్ల వేగంతో ఉత్తరానికి వచ్చింది. ఒకప్పటి మహాఖండం గోండ్వానాలోని మిగతా ఖండాల వేళ్లు, అంటే వాటి అడుగున దిగి ఉన్న గట్టి రాయి, 180 నుంచి 300 కిలోమీటర్ల దాకా ఉంటే, మన కింద సుమారు వంద కిలోమీటర్లేననీ, ఆ పలచదనమే ఈ పరుగుకు తోడ్పడిందనీ ఇక్కడి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు జర్మనీవారితో కలిసి 2007లో నేచర్ పత్రికలో వాదించారు.

హిమాలయాలు అడ్డు నిలిచినా మన నేల ఇప్పటికీ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతూనే ఉంది. 1975 పత్రం ఇండియా, ఆస్ట్రేలియాలను ఒకే ఫలకంగా తీసుకుంది. ఆ ఫలకాన్ని వేగమైన గుంపులో నిలబెట్టిన అంచు సుమత్రా, జావాల కింద దిగబడుతోంది. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర అదే అంచు కదిలినప్పుడు లేచిన అల మన కోస్తాను తాకింది. ఆ రోజు మన తీరానికి వచ్చిన నీటి వెనక ఉన్నది, మన నేలను నడిపిస్తున్న ఆ కొంగు బరువే.