మారని కంప్యూటరా? వెనక్కి రాగల కంప్యూటరా?

ఇంట్లో ఒకే కంప్యూటరు ఉండి నలుగురు వాడుతుంటే, దాన్ని పాడుచేసింది ఎవరన్న తగవు ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. ఆ తగవుకు చోటే లేకుండా చేస్తామంటూ కొంతకాలంగా ఒక కొత్త తరహా లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు ప్రచారంలోకి వచ్చాయి. వీటిని ‘ఇమ్యూటబుల్’ అంటున్నారు. మార్పు చెందనివని ఆ మాటకు అర్థం. ఫెడోరా సిల్వర్‌బ్లూ, ఫెడోరా కినోయిట్, ఎండ్‌లెస్ ఓఎస్, 2022లో స్టీమ్‌డెక్ అనే ఆటల యంత్రంతో వచ్చిన స్టీమ్ఓఎస్ 3 ఈ కోవలోవే. వీటిలో 2018లో ఆ పేరు పెట్టుకున్న సిల్వర్‌బ్లూను తీసుకుని, రోజువారీ వాడకంలో అది తన మాట ఎంతవరకు నిలబెట్టుకుంటుందో పరిశీలిద్దాం. నా అనువాదాల పని ఏడాదిగా దీనిమీదనే సాగుతోంది.

పరిశీలనకు ఇది తగిన సమయం కూడా. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొంత కొత్త ప్రాసెసరు ఉండాలి. దాంతో చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లు కూడా అనేక ఇళ్ళలో ఎటూ కాకుండా పోయాయి. వాటిలో లైనక్స్ పెట్టుకోవాలనుకునే విద్యార్థులకు ‘ఏ లైనక్స్?’ అన్నది మొదటి ప్రశ్న.

లూప్ లైను సూత్రం

ముందు ఇది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. మామూలు లైనక్స్‌ను అప్‌డేట్ చేసినప్పుడు కొత్త ఫైళ్ళు ఒక్కొక్కటే వచ్చి, నడుస్తున్న వ్యవస్థలోని పాత ఫైళ్ళ స్థానంలో కూర్చుంటాయి. బండి నడుస్తుండగానే దాని కింద పట్టాలు మార్చడం లాంటిదన్నమాట. చాలాసార్లు ఏ ఇబ్బందీ రాదు. కాని మధ్యలో కరెంటు పోతే, కొన్ని ఫైళ్ళు కొత్తవి, కొన్ని పాతవి అయి, కంప్యూటరు మళ్ళీ లేవకపోవచ్చు.

సిల్వర్‌బ్లూ పద్ధతి వేరు. బిలాస్‌పూర్ లాంటి రైల్వే పట్నంలో పెరిగే పిల్లలకు దీన్ని వివరించడం సులువు. బండి మెయిన్ లైనులో నడుస్తుండగానే, పక్కన లూప్ లైనులో కొత్త పట్టాలన్నీ వేస్తారు. అంతా సిద్ధమయ్యాక పాయింట్లు మారుస్తారు. కంప్యూటరును ఆపి మళ్ళీ స్టార్టు చేసినప్పుడే బండి కొత్త లైనులోకి వెళుతుంది. స్టేషనులో పాయింట్లు పూర్తిగా ఒకవైపుకు అతుక్కుని తాళం పడితేగాని సిగ్నల్ పడదు కదా! ఇక్కడా అంతే. ఉంటే పాత వ్యవస్థ, లేకుంటే కొత్త వ్యవస్థ. సగం సగం స్థితి ఉండదు. కొత్తది సరిగా పనిచేయకపోతే, స్టార్టయ్యేటప్పుడు కనిపించే మెనూలో పాతదాన్ని ఎంచుకోవచ్చు.

దీని వెనుక ఉన్న సాధనం పేరు ఓఎస్‌ట్రీ. కాలిన్ వాల్టర్స్ దీని రూపకర్త. రెండు వ్యవస్థలను దాచితే డిస్కులో రెట్టింపు చోటు పడుతుందేమోనని అనుమానం రావచ్చు. పడదు. రెండింటికీ ఉమ్మడి అయిన ఫైలు డిస్కుమీద ఒక్కసారే ఉంటుంది. దానికి రెండు వైపుల నుంచీ దారి చూపే ‘హార్డ్ లింకు’లు ఉంటాయి. తేడా ఉన్న ఫైళ్ళకే అదనపు చోటు కావాలి.

ఇదంతా మనకు పూర్తిగా కొత్తదేమీ కాదు. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి, వ్యవస్థను రెండు గదుల్లో ఉంచి, ఒకటి వాడుతుండగా రెండోదాన్ని అప్‌డేట్ చేసే వీలు ఫోన్లలో ఉంది.

మూడు లిపుల ఇల్లు

ఇక నిత్యజీవితంలోకి వద్దాం. బిలాస్‌పూర్‌కు రైలు మార్గం తెచ్చింది 1887లో ఏర్పడ్డ బెంగాల్-నాగపూర్ రైల్వే. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ పట్నమే కేంద్రస్థానం. రైలు ఉద్యోగాల వెంట వచ్చి, తరాలుగా ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఇంట్లోని కంప్యూటరుకు మూడు లిపులు రావాలి. బడి పనికి హిందీ, కాలేజీ పనికి ఇంగ్లీషు, ఊళ్ళో ఉన్న అమ్మమ్మకు, తాతయ్యకు రాయడానికి తెలుగు.

ఈ పరీక్షలో సిల్వర్‌బ్లూకు మంచి మార్కులే వేయాలి. తెలుగు, దేవనాగరి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులు ముందే ఉంటాయి. ఇంట్లో ఎవరి ఖాతా వారు తెరుచుకుని, ఎవరి భాష వారు పెట్టుకోవచ్చు. మండలి, రామభద్ర వంటి ఉచిత తెలుగు ఫాంట్లు కావాలంటే, వాటిని మన సొంత ఫోల్డరులోని ఫాంట్ల అరలో వేస్తే చాలు. మూలవ్యవస్థను తాకనక్కరలేదు. ఫ్లాట్‌పాక్ పద్ధతిలో వచ్చే అప్లికేషన్లకు కూడా ఆ ఫాంట్లు కనిపిస్తాయి. ఒకసారి అప్‌డేట్ దిగుతుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక పాత వ్యవస్థే ఏమీ జరగనట్టు లేచింది. అంతకుమించి ఒక కుటుంబానికి కావలసిందేముంది?

కాని చిక్కు మరోచోట ఉంది. మెనూలు కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో కనిపిస్తాయి. ఇది ‘ఇమ్యూటబుల్’ పద్ధతి తప్పు కాదు. అనువాదం పూర్తికాకపోవడం వల్ల వచ్చిన లోటు. లైనక్స్ తెలుగులోకి వచ్చింది స్వేచ్ఛ వంటి సంస్థల కార్యకర్తల స్వచ్ఛంద శ్రమతోనే. ఛత్తీస్‌గఢీలోకి కూడా కేడీఈ డెస్క్‌టాప్ అలాగే వచ్చింది. ఇప్పుడొక విద్యార్థికి మెనూలో ఒక తప్పు తెలుగు మాట కనబడిందనుకుందాం. మామూలు లైనక్స్‌లో ఆ మాటను దిద్ది, అనువాద ఫైలును దాని స్థానంలో పెట్టి, తెరమీద ఎలా ఉందో అప్పటికప్పుడు చూసుకోవచ్చు. సిల్వర్‌బ్లూలో ఆ ఫైలున్న భాగం చదవడానికే గాని రాయడానికి వీలుకానిది. చెడగొట్టే చేతిని ఆపే తాళం బాగుచేసే చేతిని కూడా ఆపుతుంది.

ఈ తాళానికి చెవి ఉంది. ‘అన్‌లాక్’ అనే ఆజ్ఞ ఇస్తే మూలంపైన ఒక తాత్కాలిక పొర ఏర్పడుతుంది. అందులో దిద్దుబాట్లు చేసి చూడవచ్చు. కంప్యూటరును మళ్ళీ స్టార్టు చేయగానే ఆ పొర మాయమవుతుంది. దిద్దుబాటు శాశ్వతం కావాలంటే అనువాద బృందానికి పంపాలి. వారు ఆమోదిస్తే అది అప్‌డేట్‌గా అందరికీ వస్తుంది. ఒక విధంగా ఇది మేలే. కాని ఈ చెవి ఎక్కడుందో కొత్తవారికి ఏ మెనూ చెప్పదు.

కాలేజీ లాబు, మొబైల్ డేటా

ఇంజనీరింగ్, బీఎస్సీ విద్యార్థులు సీ భాష కోసం జీసీసీ కంపైలరును పెట్టుకోవాలి. పుస్తకంలో ఉన్న ఆజ్ఞను యథాతథంగా ఇస్తే సిల్వర్‌బ్లూ మూలవ్యవస్థలో అది పనిచేయదు. దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, కావలసిన ప్యాకేజీని మూలంపై పొరగా వేయడం. ఆ తర్వాత సాధారణంగా కంప్యూటరును మళ్ళీ స్టార్టు చేయాలి. పొరలు పెరిగినకొద్దీ ప్రతి అప్‌డేటూ నెమ్మదిస్తుంది. రెండోది, టూల్‌బాక్స్ అనే సాధనంతో ఒక విడి గది కట్టుకోవడం. ఆ గదిలో పుస్తకంలోని ఆజ్ఞలన్నీ పనిచేస్తాయి. పాడైతే గదినే తీసేసి మరొకటి కట్టుకోవచ్చు. కెలికి నేర్చుకునే వయసువారికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

అయితే ఒక హెచ్చరిక. ఆ గదికి మీ సొంత ఫోల్డరు వైపు తలుపు తెరిచే ఉంటుంది. గదిలో ఉన్నాం కదా అని సొంత ఫైళ్ళను చెరిపేస్తే అవి నిజంగానే పోతాయి.

డేటా సంగతి కూడా చూడాలి. ఫ్లాట్‌పాక్ అప్లికేషను తనకు కావలసిన ఆధార సామగ్రిని వెంట తెచ్చుకుంటుంది. అందువల్ల చిన్న అప్లికేషనుకు కూడా మొదటిసారి వందల మెగాబైట్లు దిగవచ్చు. ఫోనులోని రోజువారీ డేటాతోనే కంప్యూటరుకు కనెక్షను ఇచ్చే విద్యార్థికి ఇది భారమే. నెట్‌వర్కు సెట్టింగులలో ‘మీటర్డ్’ అని గుర్తు పెడితే, అప్‌డేట్‌లు తమంతట తాము దిగకుండా చూసుకోవచ్చు. అప్లికేషన్లను పెన్‌డ్రైవులో నింపి మరో కంప్యూటరుకు అందించే సదుపాయం ఫ్లాట్‌పాక్‌లో ఉంది. కాని అది ఆజ్ఞలు తెలిసినవారికే అందుతుంది. ఇంటర్నెట్టు సరిగా లేని ఇళ్ళను దృష్టిలో పెట్టుకున్న ఎండ్‌లెస్ ఓఎస్, విజ్ఞాన సర్వస్వం వంటి సమాచారాన్ని ముందే నింపి ఇచ్చే పద్ధతి అనుసరించింది. సిల్వర్‌బ్లూ రూపకర్తల దృష్టి అంత దూరం పోయినట్టు లేదు.

పేరుతోనే పేచీ

అన్నింటికంటే పెద్ద ఇబ్బంది ఆ పేరుతోనే వస్తోంది. ‘మార్పు చెందనిది’ అనగానే, ఏదీ పోదని, వైరస్ రాదని అనుకుంటారు. నిజానికి తాళం ఉన్నది మూలవ్యవస్థకే. మీ ఫొటోలు, ప్రాజెక్టు రిపోర్టులు ఉండే భాగానికి ఏ తాళమూ లేదు. వ్యవస్థను వెనక్కి తిప్పితే మూలం వెనక్కి వెళుతుంది. చెరిగిన ఫొటో తిరిగి రాదు. కొత్త వెర్షన్ అప్లికేషను మీ ఫైలును కొత్త రూపంలోకి మార్చి ఉంటే, పాత వెర్షన్ దాన్ని చదవలేకపోవచ్చు. పైగా మామూలుగా ఇప్పటి వ్యవస్థ, దానికి ముందుది మాత్రమే నిలువ ఉంటాయి. రెండు అప్‌డేట్‌ల తర్వాత లోపం బయటపడితే మంచి వ్యవస్థ అప్పటికే పోయి ఉంటుంది. బాగున్నదాన్ని ‘పిన్’ చేసి ఉంచుకోవాలి.

2024 జూలై 19 నాటి సంఘటన ఇక్కడ గుర్తు చేసుకోవాలి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపమున్న ఫైలు వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇవ్వవలసి వచ్చింది. వెనక్కి వచ్చే దారి ఎంత అవసరమో ఆ రోజు తెలిసింది. మరో సంగతి కూడా తెలిసింది. ఆ ఫైలు ఆపరేటింగ్ సిస్టమ్ మూలంలోది కాదు, రోజూ మారే సమాచార ఫైలు. మూలానికి తాళం వేసినంత మాత్రాన అలాంటి దెబ్బ తప్పుతుందని చెప్పలేం.

కనుక ఈ వ్యవస్థను ‘మారనిది’ అని పొగడటం సరికాదు. దాని గొప్పతనం వెనక్కి రాగలగడంలో ఉంది. ఆ గొప్పతనం మామూలుది కాదు. మరమ్మతు చేసేవాడు దొరకని చోట, పరీక్షల ముందురోజు రాత్రి, నిన్నటి వ్యవస్థ ఒక్క మీటతో తిరిగి రావడం విద్యార్థికి ఎంతో ఊరట. ఇంటర్నెట్టు ఓ మోస్తరుగా ఉండి, నలుగురు వాడే ఇంటి కంప్యూటరుకు దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేయవచ్చు. డేటా తక్కువగా ఉన్నవారికి, తయారీదారుల ప్రత్యేక డ్రైవర్లు కావలసిన పాత ప్రింటర్లు ఉన్నవారికి మామూలు లైనక్సే మేలు.

పెట్టుకోదలచినవారు ముందు సొంత ఫైళ్ళను వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. పెట్టుకున్న రోజునే ఒకసారి అప్‌డేట్ చేసి, మెనూలోంచి పాత వ్యవస్థలోకి వెళ్ళి, మళ్ళీ కొత్తదానిలోకి రండి. ఆ దారి ముందే తెలిసి ఉంటే, అవసరం పడ్డ రోజున వెతుక్కోనక్కరలేదు.