అందరూ తెలిసిన ఊళ్లో నేరపరిశోధన

డిటెక్టివ్ కథలకు ఒక పాత పద్ధతి ఉంది. నేరం జరిగిన చోటికి బయటివాడొకడు వస్తాడు. అతనికి అక్కడ చుట్టరికాలు లేవు, మొహమాటాలు లేవు. అందుకే మిగతావాళ్లకు కనిపించనిది అతనికి కనిపిస్తుంది.

2021లో హెచ్‌బీవోలో ఏడు భాగాలుగా వచ్చిన ‘మేర్ ఆఫ్ ఈస్ట్‌టౌన్’ దీన్ని తలకిందులు చేసింది. డిటెక్టివ్ మేర్ షీహన్ ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి. పాతికేళ్ల కిందట హైస్కూల్ బాస్కెట్‌బాల్ పోటీలో ఆమె జట్టును గెలిపించిన తీరు జనం ఇంకా చెప్పుకుంటూనే ఉంటారు. ఏడాదిగా ఆచూకీ లేని కేటీ బెయిలీ తల్లి డాన్ కూడా ఆ జట్టులో ఆడినదే. కేసు తేల్చలేదని టీవీ కెమెరా ముందు నిలదీసేది ఆవిడే. పాత జట్టుకు సన్మానం జరిగితే ఇద్దరూ ఒకే కోర్టులో నిలబడక తప్పదు.

రచయిత బ్రాడ్ ఇంగెల్స్‌బీ ఫిలడెల్ఫియా శివార్లలో పెరిగాడు. కథ జరిగేదీ ఆ ప్రాంతంలోనే. ఆ ఎరుక పనితనంగా ఎలా మారిందో ఒక్క ఉదాహరణ చాలు. ఇంటి దగ్గర ఎవడో తచ్చాడుతున్నాడని బెట్టీ కారల్ అనే పెద్దావిడ ఫోన్ చేస్తుంది, స్టేషన్‌కు కాదు, నేరుగా మేర్‌కే. ఊరి వాతావరణం చూపడానికి పెట్టిన సన్నివేశమనుకుని చూసేవాళ్లు దాన్ని అక్కడే వదిలేస్తారు. చివరి భాగంలో, కేటీ కేసుతో పాటు మేర్ దర్యాప్తు చేసే ఒక హత్య గుట్టు విప్పేది ఆ కారల్ ఇంటి తుపాకీయే! బెట్టీ పోయాక ఒంటరిగా మిగిలిన భర్త దాని సంగతి మేర్‌కు చెబుతాడు. ఇన్నేళ్ల పరిచయం లేకపోతే ఆ మాట ఆమె చెవిన పడేదే కాదు. హంతకుడెవరో చూడనివాళ్ల కోసం ఇక్కడ చెప్పడం లేదు. నిజం తెలిశాక మేర్‌కు ప్రాణస్నేహితురాలు లోరీతో ఉన్న బంధమే తెగిపోయే స్థితి వస్తుందని మాత్రం చెప్పాలి.

డిటెక్టివ్‌కు తాగుడో పాత గాయమో తగిలించి లోతు వచ్చిందనుకోవడం టీవీ రచయితలకు అలవాటే. మేర్‌కూ అలాంటి గాయముంది. ఆమె కొడుకు ఆత్మహత్య చేసుకున్నాడు. మనవడు డ్రూ ఆమె దగ్గర పెరుగుతున్నాడు. మత్తుమందుల నుంచి బయటపడుతున్న డ్రూ తల్లి తన బిడ్డను తనకిమ్మంటుంది. దాన్ని అడ్డుకోవడానికి మేర్ పోలీసుల దగ్గరున్న సాక్ష్యాల్లోంచి మత్తుమందు తీసి డ్రూ తల్లి కారులో పెడుతుంది. దుఃఖం మనిషిని మెత్తబరుస్తుందన్న నమ్మకాన్ని ఈ సీరియల్ ఇక్కడ నిర్దాక్షిణ్యంగా తోసిపుచ్చింది. అయితే ఆ తప్పు తర్వాత మేర్ మళ్లీ దర్యాప్తులోకి దిగడం మరీ తేలికగా జరిగిపోతుంది. అది రచనలో లోపమే.

మేర్‌గా నటించిన కేట్ విన్స్‌లెట్ ఇంగ్లండు మనిషి. ఆ ప్రాంతపు యాసను సాధన చేసి పట్టుకుంది. ఒక సన్నివేశంలో పొట్ట కనబడకుండా కత్తిరిద్దామని దర్శకుడు క్రెయిగ్ జోబెల్ అంటే ఒప్పుకోలేదు. పోస్టర్‌లో కళ్ల పక్క ముడతలు చెరిపేస్తే రెండుసార్లు తిప్పి పంపింది.

2021లో సీరియల్‌కు నాలుగు ఎమ్మీలు దక్కాయి. విన్స్‌లెట్, ఇవాన్ పీటర్స్, జూలియన్ నికల్సన్ నటనకు మూడు, నాలుగోది ఆ ఇళ్లను, ఊరిని తీర్చిదిద్దిన ప్రొడక్షన్ డిజైన్‌కు. తల్లి, కూతురు, మనవడితో మేర్ సర్దుకుని బతికే ఇల్లు, ఆ వెనకే మాజీ భర్త కాబోయే భార్యతో ఉండే ఇల్లు. ఆ రెండిళ్లు అంత దగ్గరగా ఉన్నాయని నమ్మకపోతే ఈ కథను నమ్మడం కష్టం.