చెరిపేసిన పెన్సిల్

మా మేనల్లుడు డాలస్ నుంచి వస్తూ నాకో పుస్తకం తెచ్చాడు. నిలబెట్టినా పడుకోబెట్టినా బీరువాలో ఏ అరలోనూ పట్టలేదు. "మావయ్యా, దీని బరువుకి అమ్మకి తెచ్చిన బాదంపప్పు సగం తీసేయాల్సొచ్చింది" అన్నాడు. వాళ్లమ్మ, అంటే మా అక్క, ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఆ పుస్తకం పేరు 'న్యూ గాడ్స్' ఆర్టిస్ట్స్ ఎడిషన్. బొమ్మలు అమెరికా కామిక్స్ ఆర్టిస్టు జాక్ కిర్బీవి.

ఈ కాలమ్ పాత పాఠకులు ఈపాటికి పేజీ తిప్పబోతూ ఉంటారు. అవునండీ, మళ్లీ కిర్బీయే. పోయినసారి కిర్బీ గురించి రాసినప్పుడు, బాపు ఉన్న నేల మీద పుట్టి అమెరికా కండల వీరుల కోసం ఈ కన్నీళ్లేమిటని ఒకాయన ఉత్తరం రాశారు. బాపు గురించి రాయడానికి మనవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. కిర్బీకి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే దిక్కు.

ఈ ఆర్టిస్ట్స్ ఎడిషన్లు ఐడీడబ్ల్యూ అనే సంస్థ 2010లో మొదలుపెట్టింది. అచ్చయిన కామిక్‌ని మళ్లీ అచ్చేయడం కాదు. ఆర్టిస్టు కూర్చుని పనిచేసిన అసలు అట్టలను సంపాదించి, అంతే సైజులో స్కాన్ చేసి వేస్తారు. బొమ్మ నలుపు తెలుపే అయినా స్కానింగ్ మాత్రం రంగుల్లో ఉంటుంది. దాంతో తెల్లరంగు పూసి దిద్దిన చోట్లు, పసుపెక్కిన జిగురు మరకలు, అంచుల్లో రాసుకున్న మాటలు అన్నీ కనబడతాయి. అచ్చులో కళ్లు మిరుమిట్లు గొలిపే యుద్ధం ఇక్కడ వట్టి అట్ట, సిరా. నాలాంటివాడికి అంతకన్నా ఏం కావాలి?

ఆ ఆనందాన్ని చెడగొట్టింది కూడా మేనల్లుడే. వాడు ఇంజనీరు, ప్రతిదాన్నీ విప్పి చూస్తాడు. భూతద్దం పెట్టి ఒక పేజీ అంతా గాలించి, "మావయ్యా, పెన్సిల్ కిర్బీది, దాన్ని చెరిపేశారు. ఇంకు ఇంకొకాయనది, అక్షరాలూ ఆయనవే. మరి మీ కిర్బీ గీసిన గీత ఇందులో ఎక్కడుంది?" అన్నాడు.

నేను కాఫీ తాగుతున్నాను కాబట్టి వెంటనే ఏమీ అనలేదు.

చందమామ చదివి పెరిగినవాళ్లకి ఈ ప్రశ్నే తట్టదు. శంకర్ వేసిన విక్రమార్కుడు, భుజం మీద శవంతో, చేతిలో కత్తితో, నఖశిఖపర్యంతం శంకర్‌వాడే. ధారావాహికల్లో కొండజాతుల వాళ్లు, కోటలు, వింత జంతువులు చిత్రా చేతివే. కింద మూలన 'వపా' అని ఉంటే ఆ ముఖచిత్రం మీద ఇంకెవరి వేలూ పడలేదని మన నమ్మకం. బొమ్మ కింద ఒక సంతకం ఉంటే వెనక ఒకే చెయ్యి ఉన్నట్టు లెక్క. ఆ రోజుల అమెరికా కామిక్ అలా పుట్టేది కాదు. ఒకరు పెన్సిల్‌తో వేసేవారు, మరొకరు బెలూన్లలో మాటలు రాసేవారు, ఇంకొకరు బ్రష్షుతోనో పాళీతోనో ఇంకు దిద్దేవారు. దిద్దాక పెన్సిల్ చెరిపేసేవారు. అప్పుడు రంగులవాళ్ల దగ్గరికి పోయేది. నెలనెలా 20 పేజీలకు పైగా రావాలంటే ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. అందులోనూ కిర్బీ డీసీ కంపెనీతో చేసుకున్న ఒప్పందం వారానికి 15 పేజీలకి!

నా పాత వాదన మీకు తెలిసిందే: కామిక్ రాసినవాడిది కాదు, గీసినవాడిది. మార్వెల్ కంపెనీలో 60ల నాటి పద్ధతి చూడండి. రచయిత స్టాన్ లీ నాలుగు ముక్కలు చెప్పేవాడు, ఒక్కోసారి అదీ లేదు. కిర్బీ కథంతా పేజీలకి పేజీలు అల్లుకుపోయేవాడు. లీ ఆ తర్వాత మాటలు నింపేవాడు. 1966 నాటి 'ఫెంటాస్టిక్ ఫోర్' 48వ సంచిక పేజీలు వచ్చినప్పుడు, వాటిలో పలక మీద ఆకాశంలో తేలిపోతున్న వెండి మనిషి ఒకడు లీకి కనబడ్డాడు. వాణ్ణి గురించి ఇద్దరూ ఏమీ అనుకోలేదు. గ్రహాలను మింగే దేవుడికి ముందు నడిచే దూత ఒకడుండాలని కిర్బీకి తోచింది, వేసేశాడు. ఆ సిల్వర్ సర్ఫర్ మీద తర్వాత ఎన్ని పుస్తకాలు, ఎన్ని సినిమాలు! పేరు మాత్రం చాలాకాలం లీదే ముందు. కిర్బీ 1994లో పోయాడు. ఆయన కుటుంబానికీ మార్వెల్‌కీ మధ్య హక్కుల తగాదా 2014లోగానీ రాజీకి రాలేదు.

కాబట్టి నా దృష్టిలో కిర్బీ దేవుడు, ఇంకర్లు పూజారులు. మంచి పూజారులూ ఉన్నారు, నైవేద్యం మింగేవాళ్లూ ఉన్నారు.

మంచివాళ్లలో మొదటివాడు జో సినాట్. ఊరు న్యూయార్క్ రాష్ట్రంలోని సాగర్టీస్, పేజీలు పోస్టులో వచ్చేవి. ఆయన బ్రష్షు తగిలితే ఫెంటాస్టిక్ ఫోర్‌లోని రాతిమనిషి బెన్ గ్రిమ్ ఒంటి మీద రాళ్లు నిజంగా బరువెక్కేవి. రెండోవాడు మైక్ రాయర్. నా ఒళ్లో ఉన్న పుస్తకంలో మేనల్లుడు భూతద్దం పెట్టి వెతికింది ఈయన గీతల్నే. న్యూ గాడ్స్ అయిదో సంచిక నుంచి అప్పటికి ఆఖరిదైన 11వ సంచిక దాకా ఇంకూ అక్షరాలూ రాయర్‌వే. ఒకసారి బిగ్ బార్డా అనే కిర్బీ వీరనారి మొహం కాస్త అందంగా దిద్దాడట. మొహాల జోలికి వెళ్లొద్దని కిర్బీ గట్టిగా చెప్పాడు. మళ్లీ వెళ్లలేదు. 1972లో వచ్చిన ఏడో సంచిక, 'ద ప్యాక్ట్', చూస్తే ఆ విధేయత ఎంత గొప్పదో తెలుస్తుంది. యుద్ధం ఆపడానికి ఇద్దరు రాజులు తమ కొడుకుల్ని ఒకరికొకరు అప్పగించుకుంటారు. మంచివాడి కొడుకు నరకంలో, చెడ్డవాడి కొడుకు స్వర్గంలో పెరుగుతారు. మన పురాణాల వాసన కొట్టే కథ. అందులో ప్రతి గీతా కిర్బీ పెన్సిల్ మీదే పడింది, అటూ ఇటూ వెంట్రుకవాసి జరగలేదు.

ఇక నైవేద్యం మింగేవాడు. పాత పాఠకులు పేరు ముందే పలికేసి ఉంటారు: విన్స్ కొలెట్టా. పెన్సిల్‌లో కిర్బీ పదిమంది సైనికుల్ని వేస్తే ఈయన కొందరిని చెరిపేసేవాడు. వెనక మేడల్లో కిటికీలు వేస్తే మేడంతా నల్లగా పూసేసేవాడు. తొందరగా అయిపోవాలి కదా! ఇది నిందారోపణ కాదు. అప్పటి పెన్సిల్ పేజీల ఫొటోకాపీలు కొన్ని మిగిలాయి. 1994 నుంచి వస్తున్న 'జాక్ కిర్బీ కలెక్టర్' పత్రిక అలాంటివి వేస్తూనే ఉంది, అచ్చు పక్కన పెట్టి ఎవరైనా చూసుకోవచ్చు. న్యూ గాడ్స్ మొదటి నాలుగు సంచికల తర్వాత కిర్బీయే ఆయన్ని మార్పించాడు. ఇదే కాలమ్‌లో కొలెట్టా మీద నేను ఎంత సిరా ఒలకబోశానో, ఆయన కిర్బీ పేజీల మీద అంత ఒలకబోసి ఉంటే గొడవే లేకపోను.

డీసీ వాళ్లు అంతకంటే ఘోరం చేశారు. 1970లో కిర్బీ, సూపర్‌మాన్ కూడా కనిపించే 'జిమ్మీ ఓల్సెన్' కామిక్ వేయడం మొదలుపెట్టగానే, ఆయన సూపర్‌మాన్ మొహం తమ సూపర్‌మాన్‌లా లేదని ఆ మొహాలు తీసేసి అల్ ప్లాస్టినో చేత, మర్ఫీ ఆండర్సన్ చేత మళ్లీ వేయించారు. ఒళ్లు కిర్బీది, తల మరొకరిది. కెప్టెన్ అమెరికాని పుట్టించిన ఇద్దరిలో ఒకడికి, అమెరికా యుద్ధంలోకి దిగక ముందే ముఖచిత్రం మీద హిట్లర్ దవడ పగలగొట్టించినవాడికి, ఒక మొహం వేయడం రాదన్నారు!

ఈ మొహాల గొడవ తలుచుకున్నప్పుడల్లా నాకు మా ఊరి సినిమా హాలు వెనక రేకుల షెడ్డు గుర్తొస్తుంది. అక్కడ బ్యానర్లు వేసేవారు. పెద్దాయన్ని అందరూ గురువుగారు అనేవారు. సినిమా వాళ్లు పంపిన ఫొటో మీద సన్నగా గళ్లు గీసేవారు, గోడకి బిగించిన గుడ్డ మీద అదే లెక్కన పెద్ద గళ్లు కొట్టేవారు. ఆ గళ్లలో బొగ్గుతో గురువుగారు చకచకా ఔట్‌లైన్ లాగేవారు. తర్వాత శిష్యులు దిగేవారు. ఒకడికి ఆకాశం, మంటలు. ఒకడికి గుర్రాలు, జీపులు. అక్షరాలకి వేరే మనిషి. చిట్టచివర గురువుగారు నిచ్చెనెక్కి హీరో మొహం వేసేవారు. రామారావు ముక్కు కాస్త తేడా వస్తే హాలు ముందు రభస అయ్యేది మరి. మొహం ఎవరికీ ఇచ్చేవారు కాదు.

ఆ షెడ్డులో చొక్కాలు వేసే కుర్రాడొకడుండేవాడు. చొక్కాలు, పంచెలు, చీరలు, కోట్లు, గుడ్డ అన్నదేదైనా వాడిదే. మోచెయ్యి మడిచినప్పుడు బట్ట ఎక్కడ ముడత పడుతుందో, గాలికి పైట ఎటు లేస్తుందో వాడికి తెలిసినంతగా గురువుగారికి కూడా తెలియదని మిగతావాళ్లు గుసగుసలాడేవారు. బ్యానర్ హాలు మీదికెక్కాక జనం హీరోని చూసేవారు, నేను చొక్కా చూసేవాణ్ణి. సంతకం మాత్రం కింద మూలన గురువుగారిది.

మా బాబాయి హైదరాబాదు వెళ్లినప్పుడల్లా ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కామిక్స్ ఏరి తెచ్చేవాడు. ఎక్కువవాటికి అట్టలుండేవి కావు. అలా వచ్చిన ఒక 'థార్', మార్వెల్‌లో కిర్బీ వేసిన సుత్తి దేవుడి కథ, పట్టుకుని నేను షెడ్డుకి పరిగెత్తాను. గురువుగారు తిరగేసి, "దేవుళ్లకి కూడా ఇంగ్లీషేనా!" అని ఇచ్చేశారు. చొక్కాల కుర్రాడు మాత్రం చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. సుత్తిని చూడలేదు, కండల్ని చూడలేదు. థార్ తండ్రి ముసలి ఓడిన్ గడ్డం దగ్గర, గుడ్డ అంచుల దగ్గర, రాతిగోడ దగ్గర ఆగాడు. "ఇది బ్రష్షు కాదబ్బాయ్, పాళీ. సన్నపాళీ. దగ్గరదగ్గరగా ఎన్ని గీతలు లాగాడో చూడు. అందుకే ఇది పాతకాలం బొమ్మలా ఉంది, ఎవడో రాజుల రోజుల్లో వేసినట్టు" అన్నాడు. వాడికి ఇంగ్లీషు రాదు. మొదటి పేజీలో అడుగున పేర్లుంటాయని నాకూ తెలియదు.

పేర్లుండేవి. నా వాదనని ఇరుకున పెట్టే విషయం ఇది: కిర్బీ పేరు తొక్కేశాడని నేను ఇన్నేళ్లూ తిట్టిన స్టాన్ లీయే, ఇంకర్ పేరూ అక్షరాలు రాసేవాడి పేరూ ప్రతి సంచిక మొదటి పేజీలో వేయించాడు. ఆ రోజుల్లో అది అరుదు. శామ్ రోజెన్, ఆర్టీ సైమెక్ అనే లెటరర్లు మనకి తెలిశారంటే ఆ పేర్ల డబ్బాల పుణ్యమే. తర్వాత మార్వెల్ అసలు పేజీలు ఆర్టిస్టులకి తిరిగిచ్చే పద్ధతి మొదలైనప్పుడు ఇంకర్‌కీ వాటా పెట్టారు. కొన్ని పేజీలు పెన్సిల్ వేసినవాడికి, కొన్ని ఇంకు దిద్దినవాడికి. మేనల్లుడి ప్రశ్నకి ఆ కంపెనీ ఎప్పుడో పేజీలు పంచి జవాబు చెప్పింది.

ఆ 'థార్' డబ్బాలో ఇంకర్ పేరు వి. కొలెట్టా.

ప్రేమకథల కామిక్స్ నుంచి వచ్చిన మనిషి. ఆడవాళ్ల జుట్టుకీ కళ్లకీ అలవాటైన ఆ సన్నపాళీ గీతల్ని తెచ్చి దేవలోకం మీద గీశాడు. సినాట్ దిద్ది ఉంటే అస్గార్డ్ అనే ఆ దేవలోకపు కోటలు తళతళలాడే యంత్రాల్లా ఉండేవి. రాయర్ దిద్ది ఉంటే పెన్సిల్ ఎలా ఉంటే అలాగే, నిక్కచ్చిగా ఉండేవి. కొలెట్టా చేతిలో పడ్డాక అవి పాతబడ్డాయి, కాస్త మాసిపోయాయి, వెయ్యేళ్ల నాటి కథ అనిపించాయి. కిర్బీ భవిష్యత్తుని గీస్తున్నప్పుడు ఈయన చెయ్యి పడకూడదు. న్యూ గాడ్స్‌లో పడితే పాడైంది, కిర్బీ తీయించేయడం న్యాయమే. పురాణానికి మాత్రం ఆ చెయ్యే కావాలి. ఇక తొందరపాటు సంగతంటారా, ప్రెస్సులో టైము తప్పితే జరిమానా పడే రోజుల్లో ఇంకెవరూ ముట్టుకోని ఆలస్యపు పనులు ఎడిటర్లు మోసుకెళ్లింది కొలెట్టా ఇంటికే. తెల్లారేసరికి పేజీలు వచ్చేవి, కొందరు సైనికులు రాకపోయినా.

చెరిపేసిన సైనికుల విషయంలో నా మాట మారలేదు. అది తప్పే. మేనల్లుడికి కూడా ఆ మాటే చెప్పాను. వాడు, "సరే మావయ్యా, ఈసారి వచ్చేటప్పుడు ఏం తెమ్మంటావు?" అన్నాడు. వంటింట్లోంచి మా అక్క బాదంపప్పు అని అరిచింది.

అప్పుడు నేను చెప్పిందే మీకూ చెబుతున్నాను. కిర్బీ పెన్సిల్ ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే రాయర్ దిద్దిన పేజీలు చూడండి. ఆ పుస్తకం దగ్గర్లో ఏ గ్రంథాలయంలోనూ దొరకదు, ఖరీదెక్కువ, మా ఇంటికొస్తే చూపిస్తాను, చేతులు కడుక్కుని రండి. డబ్బు పెట్టి ఒకే ఒక్క పుస్తకం కొనే మాటైతే మాత్రం 60ల నాటి 'థార్' సంపుటం కొనండి, కొలెట్టా ఇంకు దిద్దినదే.